విపత్తులో విద్య: దివిసీమ నుండి ఉద్దానం వరకు



తెలిసిన విషయం ఒక అమానత్. దానిని అవసరమైన వారికి చేర్చినప్పుడే ఆ బాధ్యత తీరుతుంది. మన తీరప్రాంత చరిత్ర ఇందుకు సాక్ష్యం.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు పదివేల మంది మరణించారు. విశాఖపట్నంలో తుఫాను హెచ్చరిక కేంద్రం అప్పటికే ఉంది, హెచ్చరికలూ వెలువడ్డాయి. అయితే అవి ఎన్నో గుడిసెలకు చేరలేదు. చేరినచోటనూ తలదాచుకొనుటకు గట్టి కట్టడాలు కరవు. ఆ దుఃఖం నుండి ప్రభుత్వమూ సేవాసంస్థలూ నేర్చుకున్నాయి. తీరం వెంబడి తుఫాను రక్షణ భవనాలు వెలిశాయి. 1990 మే నెలలో మరో భీకర తుఫాను కృష్ణాతీరాన్ని తాకేనాటికి లక్షలాది ప్రజలను ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపే నిలిచింది. గాలి శాంతించలేదు, మనుషులు సిద్ధపడ్డారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన పలాస సమీపంలోనే తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాలలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అంతటి గాలిలోనూ మన తీరాన ప్రాణనష్టం స్వల్పం. కాని అదే తుఫాను వానలకు, సరిహద్దుకు ఆవల ఒడిశాలోని గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి అనేకులు మరణించారు. తీరం నేర్చిన పాఠం కొండలకు అందలేదు. ప్రాణాలు కాపాడుట నేర్చిన మనకు, తోటపై బ్రతికే కుటుంబాన్ని కాపాడే విద్య కూడా ఇంకా పూర్తిగా అబ్బలేదు. కూలిన కొబ్బరిచెట్టు స్థానంలో నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది.

సిరియాలో మహమ్మారి ప్రబలినప్పుడు ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) దారిలో ఆగి ముహాజిర్‌లను, అన్సార్‌లను, పెద్దలను వరుసగా సంప్రదించారు. అభిప్రాయాలు భిన్నమయ్యాయి. వెనుదిరగాలని ఆయన నిశ్చయించిన పిమ్మట, అంతవరకు అక్కడ లేని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, వ్యాధి ఉన్న చోటికి వెళ్లరాదనీ, ఉన్నచోటి నుండి పారిపోరాదనీ ప్రవక్త (స) చెప్పిన మాట వినిపించారు. ఒక్కరి వద్దనున్న జ్ఞానం అందరికీ రక్షణ అయింది.

సోదరులారా, ఏ వీధి ముందుగా మునిగింది, ఏ బావినీరు పనికివచ్చింది, ఏ ఇంట ఒంటరి వృద్ధులున్నారు అన్నది మీలో ఎవరికో తెలుసు. ఆ విషయాలు వ్రాసిపెట్టండి. సచివాలయానికీ, పొరుగు ఊరికీ, మతభేదం చూడక ప్రతి ఇంటికీ చెప్పండి. వచ్చే తుఫానుకు ముందే చెప్పండి.