అలీ మద్రాసు వచ్చినప్పుడు రిటైరై ఉన్నాడు

1980 ఆరంభంలో మద్రాసు నెహ్రూ స్టేడియంలో రింగు కట్టి, ఒక మూల మహమ్మద్ అలీని, ఇంకో మూల జిమ్మీ ఎల్లిస్‌ని దించారు. గెలుపోటముల లెక్క లేని ప్రదర్శన బౌటు అది. 1978 సెప్టెంబరులో న్యూ ఆర్లీన్స్‌లో లియోన్ స్పింక్స్‌ని ఓడించి మూడోసారి హెవీవెయిట్ కిరీటం అందుకున్న అలీ, మరుసటేడు ఆట చాలించాడు. కాబట్టి మద్రాసు చూసింది రిటైరైన అలీని. ఆ ఏడాది తిరక్కుండానే ఆయన మళ్ళీ అసలు బరిలోకి దిగుతాడని ఆ పూట ఎవరికి తెలుసు?

ఆ బౌటులో ఎల్లిస్‌ని తోడు మనిషిగా లెక్కేసి వదిలేస్తారు. అది అన్యాయం. ఇద్దరిదీ లూయివిల్ ఊరే, కుర్రతనం నుంచి ఒకరి పంచ్ ఒకరు ఎరిగినవాళ్ళు. వియత్నాం యుద్ధానికి పోయేది లేదన్నందుకు 1967లో అలీ కిరీటం ఊడబెరికితే, ఆ ఖాళీ కోసం పెట్టిన పోటీలు నెగ్గి 1968లో డబ్ల్యూబీఏ చాంపియన్ అయింది ఈ ఎల్లిసే. 1970లో జో ఫ్రేజియర్ చేతిలో దాన్ని పోగొట్టుకున్నాడు. 1971 జులైలో హ్యూస్టన్‌లో తన పాత స్నేహితుడి ఎదుటే నిలబడి 12వ రౌండులో ఓడాడు. 1975లో సాధనలో కంటికి దెబ్బ తగిలి రింగు వదిలేశాడు. టికెట్టు కొన్నవాళ్ళ డబ్బు ఊరికే పోలేదు, చూసింది ఇద్దరు మాజీ చాంపియన్లని.

ఇంతకీ మద్రాసుకి బాక్సింగ్ కొత్తేమీ కాదు. హార్బరు కూలీలు, మిల్లు పనివాళ్ళు, జాలర్లు ఉండే ఉత్తర మద్రాసులో తెల్లవాళ్ళ కాలం నుంచే ‘గుత్తుసండై’ నడిచింది. సార్పట్ట, ఇడియప్ప నాయకర్, ఎల్లప్ప చెట్టియార్ పేర్లతో పరంబరైలు, అంటే గురుశిష్య పరంపరలు, ఉండేవి. మన తాలింఖానాల్లాగే అక్కడా గురువు మాటే శాసనం, ఆ గురువు పేరు వాద్యారు. తిరుత్తణి, తిరువళ్ళూరు వైపు మనుషులకి పెరంబూరు రైల్వే వర్క్‌షాపు, బిన్నీ మిల్లు బతుకుతెరువు చూపిన చోట్లు కనుక, పొద్దున లోకల్ రైలు ఎక్కి వెళ్ళినవాళ్ళు సాయంత్రం ఈ కథలు కూడా మోసుకొచ్చేవారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఇంట్లో తెలుగూ బజారులో తమిళమూ నడిచే ఆ ఊళ్ళలో సినిమా వాదనలకీ ఆట వాదనలకీ రెండు భాషలూ కావాలి.

ఆ పాత కథల్ని 2021లో పా. రంజిత్ ‘సార్పట్ట పరంబరై’గా తెరకెక్కించాక వాదన మళ్ళీ రాజుకుంది. రంజిత్‌ది తిరువళ్ళూరు జిల్లా ఆవడి ప్రాంతమే. ఎమర్జెన్సీ నాటి కథ అది. హీరో కబిలన్ గెలుస్తాడు, సారాకి లోబడతాడు, పొట్ట పెంచుకుంటాడు. తల్లి అతణ్ణి బీడీ రాయప్పన్ అనే పాత మొనగాడికి అప్పజెబితే, అక్కడ మొదట్నించీ నేర్చుకుని మళ్ళీ రింగెక్కుతాడు. స్టేషను బయట టీ కొట్టు దగ్గర ఈ సినిమా మాట వస్తే, వెంటనే రెండో ప్రశ్న పుడుతుంది: “నిజం బాక్సింగులో ఇట్లా తిరిగొచ్చినోళ్ళలో మొనగాడు ఎవురన్నా?”

సగంమంది ఫోర్‌మన్ అంటారు. వాళ్ళ దగ్గర సరుకుంది. జార్జ్ ఫోర్‌మన్ 1977లో ఆట మానేసి మత ప్రచారకుడయ్యాడు. పదేళ్ళ తర్వాత, బట్టతలతో, బాన పొట్టతో 1987లో తిరిగొస్తే జనం నవ్వారు. 1991లో హోలీఫీల్డ్ చేతిలో పాయింట్ల మీద ఓడాడు. 1994 నవంబరు 5న లాస్ వేగాస్‌లో మైకేల్ మూరర్‌తో తలపడేనాటికి వయసు 45. తొమ్మిది రౌండ్లు గడిచేసరికి ముగ్గురు జడ్జీల కాగితాల మీదా వెనకబడి ఉన్నాడు. పదో రౌండులో పొట్టిగా, సూటిగా ఒక కుడిచేతి దెబ్బ. మూరర్ లేవలేదు. ఆ రాత్రి ఫోర్‌మన్ తొడుక్కున్నది ఇరవై ఏళ్ళ కిందట కిన్షాసాలో అలీ చేతిలో పడిపోయినప్పుడు వేసుకున్న పాత ట్రంక్సే. ఇంకో విడ్డూరం, ఆనాడు అలీ మూలలో ఉన్న ఏంజెలో డండీ ఈసారి ఫోర్‌మన్ మూలలో ఉన్నాడు.

మిగతా సగం అలీ పక్షం. టైసన్ పేరెత్తే కుర్రాళ్ళు ఒకరిద్దరు ఉంటారు గాని, 1996లో ఫ్రాంక్ బ్రూనోని కొట్టి కిరీటం పట్టడాన్ని ఆ వరసలో కూర్చోబెట్టడం నావల్ల కాదు.

నా ఓటు అలీకే. అయితే జనం చెప్పే కారణానికి కాదు. మూడున్నరేళ్ళ నిషేధం తర్వాత 1970 అక్టోబరులో అట్లాంటాలో జెర్రీ క్వారీని మూడు రౌండ్లలో ముగించిన అలీ కాళ్ళలో పాత నాట్యం లేదు. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఫ్రేజియర్ 15వ రౌండులో ఎడమ హుక్‌తో నేల కరిపించి, జడ్జీల ఏకాభిప్రాయంతో గెలిచాడు. 1973లో కెన్ నార్టన్ అలీ దవడ విరిచాడు. తప్పుకోలేని శరీరంతో ఏం చెయ్యాలో అలీ అప్పుడే వెతుక్కోవలసి వచ్చింది. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో ఆ జవాబు కనబడింది. ఎదుట ఫోర్‌మన్, 25 ఏళ్ళు, 40 పోరాటాల్లో 40 గెలుపులు, 37 నాకౌట్లు. అలీ వెనక్కి జారి తాళ్ళకి ఆనుకున్నాడు. చేతులడ్డం పెట్టి కొట్టమన్నాడు. ఫోర్‌మన్ కొట్టి కొట్టి అలిసిపోయాక, ఎనిమిదో రౌండు చివర్లో తన పని చేశాడు. 1964లో సోనీ లిస్టన్‌ని ఓడించిన కుర్రాడు ఇలా ఆడి ఉండడు. వాడికి ఆ అవసరమే లేదు. పేరు అదే గాని గెలిచింది ఇంకో బాక్సర్.

ఫోర్‌మన్‌ది కూడా అదే దారి. కిన్షాసాలో ఎనిమిది రౌండ్లకే ఆయాసపడినవాడు మూరర్ మీద పదో రౌండు దాకా కాచుకున్నాడు.

అలీ కొత్త ఆటకి వెల కూడా గట్టిదే. 1975 అక్టోబరు 1న మనీలాలో ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు నడిచాక, కళ్ళు మూసుకుపోయిన శిష్యుణ్ణి ఎడ్డీ ఫచ్ పదిహేనో రౌండుకి లేవనివ్వలేదు. గెలిచిన అలీ సైతం నిలబడలేని స్థితిలో ఉన్నాడు. క్లాసిక్ పోరు అంటే చాలామంది దీన్నే ముందు చెబుతారు, నేనూ కాదనను. కానీ రెండోసారి చూడమంటే నాకు మనసు రాదు. తలకి తగిలిన దెబ్బలన్నీ లెక్కలో పడుతూనే ఉన్నాయి.

మద్రాసు దగ్గరికి తిరిగొస్తే, అలీ వచ్చినప్పుడు తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్. ఆ ఫిబ్రవరి 17న కేంద్రం ఆయన ప్రభుత్వాన్ని రద్దు చేసింది. ఎన్నికల్లో గెలిచి జూన్‌లో మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాడు. తిరిగిరావడంలో అలీ కన్నా ఆయనే ముందు, ఆయనే నయం. ఎందుకంటే అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో 38 ఏళ్ళ అలీ, ఒకప్పుడు తనకు సాధనలో తోడుగా ఉన్న లారీ హోమ్స్ ఎదుట నిలబడ్డాడు. బరువు తగ్గించుకుని, జుట్టుకి నల్లరంగు వేసుకుని పాత అలీలా తయారై వచ్చాడు. చూపుకి కుర్రాడే. పంచ్ మాత్రం రాలేదు. పది రౌండ్లయ్యాక డండీ ఆట ఆపించాడు. గెలిచిన హోమ్స్ ఏడ్చాడు. మరుసటేడు డిసెంబరులో బహామాస్‌లో ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఇంకోసారి ఓడాకే అలీ నిజంగా మానుకున్నాడు. 1984లో పార్కిన్సన్ బయటపడింది. కమ్‌బ్యాక్‌ల జాబితాలు వేసేవాళ్ళు ఈ రెండు పోరాటాలనీ సామాన్యంగా కలపరు. నేనైతే కలపమంటాను.

“మన నిఖత్‌ని యాడ పెడతారన్నా?” అని ఈ మధ్య వాదనలోకి కొత్త పేరొకటి చేరింది. న్యాయమైన ప్రశ్న. ప్రొఫెషనల్ బాక్సింగులో పేరున్నవాడికి ప్రమోటర్ రింగు కట్టిస్తాడు. నిజామాబాద్ పిల్లకి అవకాశమే అడిగి పుచ్చుకోవలసి వచ్చింది. 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్‌కి 2017లో భుజం గాయమై చాలాకాలం పోయింది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకి మేరీ కోమ్‌ని ట్రయల్ లేకుండా పంపబోతున్నారని తెలిసి క్రీడల మంత్రికి లేఖ రాసింది. ట్రయల్ పెట్టారు. డిసెంబరు 28న ఢిల్లీలో 9-1తో ఓడింది. బౌటు ముగిశాక మేరీ చెయ్యి కలపలేదు. అక్కడితో ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. నిఖత్ ఆగలేదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ మీద ఐదుగురు జడ్జీలూ నిఖత్‌నే గెలిపించారు. మేరీ, సరితాదేవి, జెన్నీ, లేఖల తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన ఐదో భారతీయ మహిళ. మరుసటేడు ఢిల్లీలో రెండో స్వర్ణం. 52 కిలోల నుంచి 50కి దిగి తెచ్చిన పతకం అది.

2024 పారిస్‌లో సీడింగ్ లేక రెండో బౌటులోనే చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది. 5-0తో నిఖత్ ఓడింది, వూ యూ ఆ ఒలింపిక్స్ స్వర్ణం తీసుకెళ్ళింది. పారిస్ తర్వాత నిఖత్ ఏ ఆట తెస్తుందన్నదే ఇప్పుడు టీ కొట్టు దగ్గర పంచాయితీ. 2028 జులైలో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ మొదలయ్యేనాటికి ఆమెకు 32 నిండి ఉంటాయి. కిన్షాసాలో అలీ వయసూ 32.