ఎవరి ఎద్దూ అక్కరలేని బండి: కారంచేడు – చీరాల దారిలో సైకిలు, సంచారం, కులం

ఇరవయ్యో శతాబ్దపు తెలుగు పల్లె చరిత్రలో రైలుకు, బస్సుకు, కాలువ పడవకు దక్కినపాటి చోటు సైకిలుకు దక్కలేదు. రైలు వచ్చిన సంవత్సరం శాసనంలా నమోదవుతుంది. ఊళ్ళోకి మొదటి సైకిలు ఎప్పుడు వచ్చిందో, ఎవరిదో పెద్దల నోట మాత్రమే నిలుస్తుంది. సాహిత్య చరిత్ర కూడా ఈ విషయంలో సామాజిక చరిత్రకు భిన్నంగా ప్రవర్తించలేదు. కథల్లో సైకిలు కనిపిస్తుంది, కాని గోడకు చేరవేసిన వస్తువుగానే ఉండిపోతుంది. నిజానికి ఎవరు ఎక్కారు, ఎక్కడ దిగారు అన్న రెండు ప్రశ్నలు వేస్తే, భూమి రికార్డులు చెప్పని గ్రామ చరిత్రను సైకిలు చెప్పగలదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నలను కారంచేడు – చీరాల దారిని ఆధారం చేసుకుని పరిశీలిస్తుంది.

కారంచేడు కృష్ణా పశ్చిమ డెల్టా కొసన, కొమ్మమూరు కాలువ పొడవున సాగే నల్లరేగడి సీమలోని పెద్ద గ్రామం. 1970 వరకు గుంటూరు జిల్లాలోను, తరువాత ఒంగోలు (ప్రకాశం) జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో చేరింది. అక్కడి నుంచి చీరాల ఏడెనిమిది కిలోమీటర్లు. చీరాల అంటే రైలు స్టేషను, మగ్గాలు, పొగాకు కంపెనీ, ఆసుపత్రి, సినిమా హాళ్ళు. ఈ దూరానికి ఒక ప్రత్యేకత ఉంది. నడిస్తే గంటన్నర పైన పడుతుంది, పోను రాను పూటంతా గడిచిపోతుంది. సైకిలు మీద అరగంట, ముప్పావుగంట. నడకకు ఎక్కువ, సైకిలుకు సరిగ్గా సరిపోయే దూరమిది. డెల్టాలో తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టూ ఉన్న ఊళ్ళలో చాలావాటికి దగ్గరి పట్టణం ఇంచుమించు ఇంతే దూరంలో ఉంటుంది. కాబట్టి ఇక్కడ సైకిలు వేగాన్ని పెంచిన యంత్రం మాత్రమే కాదు. పొద్దున వెళ్ళి పని చేసి, సాయంత్రం తన గూటికి తాను తిరిగి రాగల మనిషిని అది తయారుచేసింది.

ఈ మార్పు విలువ తెలియాలంటే సైకిలుకు ముందటి వాహనాల స్వభావాన్ని గుర్తు చేసుకోవాలి. ఎడ్లబండికి ఎడ్లు కావాలి, ఎడ్లకు మేత, మేతకు భూమి కావాలి. గుర్రపుబండికి తోలేవాడు కావాలి. అంటే భూమి లేనివానికి, తోలేవాడు అంటనివానికి వాహనయోగం లేదు. డా. బి.ఆర్. అంబేద్కర్ తన అనుభవాలలో రెండు ప్రయాణాలను వివరంగా రాసుకున్నారు. 1901లో సతారా ప్రాంతంలోని మసూరు స్టేషనులో దిగిన పిల్లలు మహర్లని తెలియగానే బండివాళ్ళెవరూ రాలేదు. చివరకు రెట్టింపు కిరాయికి, పిల్లలే బండి తోలుకోవాలనీ బండివాడు పక్కన నడిచి వస్తాడనీ ఒప్పందం కుదిరింది. 1929లో చాలీస్‌గావ్‌లో, అప్పటికే న్యాయవాది అయిన అంబేద్కర్‌ను తన టాంగాలో తోలుకుపోవడం టాంగావాడికి పరువు తక్కువైంది. తోలడం రాని మనిషి పగ్గాలు పట్టడంతో టాంగా ప్రమాదానికి లోనై ఆయన కాలు విరిగింది. ఈ రెండు ఘటనలలోనూ వాహనం ఉంది, డబ్బు ఉంది. లేనిదల్లా తోలే మనిషి అంగీకారం. సైకిలు ఈ అంగీకారాన్ని అనవసరం చేసింది. దానికి ఎవరి ఎద్దూ వద్దు, ఎవరి పగ్గమూ వద్దు. ఎక్కినవాడే తోలేవాడు. కులవ్యవస్థ దృష్టిలో సైకిలులోని అసలు కొత్తదనం ఇది. చక్రాలు రెండు కావడం కాదు.

ఇంగ్లండులో 1885లో స్టార్లీ రోవర్ సైకిలు, 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక ఈ వాహనం ఇప్పటి రూపానికి చేరింది. మన దేశంలో చాలాకాలం ర్యాలీ, హెర్క్యులిస్, బీఎస్ఏ, హంబర్ వంటి దిగుమతి సైకిళ్ళే కలవారి ఇళ్ళలో ఉండేవి. 1949లో మద్రాసులో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ ఏర్పడడం, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో మొదలుకావడంతో దేశవాళీ సైకిలు పల్లెకు చేరే వీలు కలిగింది. అయినా కూలివానికి అది చాలాకాలం కొనుక్కునే వస్తువు కాదు. పెళ్ళిలో వాచీతో, రేడియోతో పాటు అల్లుడు అడిగే వస్తువు. కొనలేనివారికి దారి అద్దె సైకిలు షాపు. గంటకింత అని కట్టి, పుస్తకంలో పేరు, సమయం రాయించి తీసుకునే ఆ సైకిలు పల్లెటూరి పిల్లలకు మొదటి విహారం. సీటు అందని పిల్లవాడు బారు కింది నుంచి ఒక కాలు అవతలికి పెట్టి, ఒళ్ళు వంకర చేసి తొక్కడం నేర్చుకునేవాడు. మోకాళ్ళు చెక్కుకుపోవడం ఆ చదువుకు గుర్తు. షాపువానికి తెలిసిన మనిషి కావడమే హామీ గనుక ఆ చనువు అందరికీ సమానంగా దొరకదన్నది వేరే సంగతి.

రేగడి నేలకు సైకిలుతో పేచీ ఉంది. వానపడితే నల్లమట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య పేరుకుని చక్రం తిరగదు. పుల్లతో గీకి, పదడుగులు నెట్టి, మళ్ళీ గీకి, చివరకు సైకిలును భుజాన వేసుకుని డొంక దాటడం ఈ ప్రాంతపు మనుషులకు తెలిసిన పని. మనిషిని సైకిలు మోసిన దారిలోనే మనిషి సైకిలును మోశాడు. రాజుపాలెం వైపైనా, పర్చూరు వైపైనా, చీరాల వైపైనా తారు రోడ్డు పడేదాకా వానాకాలపు రాకపోకలు ఇంతే.

ఈ దారుల మీద సైకిళ్ళు మోసినవాటిని చూస్తే ఆ సీమ జీవనం కళ్ళకు కడుతుంది. పాలక్యాన్లు, టపా సంచి, ఐసుపెట్టె, వాడరేవు నుంచి చేపల గంప, వేటపాలెం, జాండ్రపేటల మగ్గాలకు నూలు, మగ్గాల నుంచి మాస్టర్ వీవర్ ఇంటికి చీరలు. బారు మీద బిడ్డ, కేరియరు మీద భార్య ఉంటే అది సంసారమంతా ఎక్కిన ప్రయాణం. డబుల్స్ తొక్కినందుకు, చీకటి పడ్డాక దీపం లేనందుకు పట్టణం పొలిమేరలో పోలీసులు పట్టుకుని టైరులో గాలి తీసేవారు. మనిషి గర్వాన్ని అణచడానికి తెలుగులో వాడుకైన ‘గాలి తీయడం’ అన్న పలుకుబడి వెనుక ఈ అనుభవం ఉందనుకోవడం అసంగతం కాదు. స్థానిక సంస్థలు ఏటా పన్ను కట్టించుకుని సైకిలుకు రేకుబిళ్ళ ఇచ్చేవి. మునిసిపల్ పన్ను వద్దని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరు విడిచి రామనగరులో నెలల తరబడి పాకలలో గడిపిన చీరాల ప్రజల మనుమలు బిళ్ళ కోసం వరుసలో నిలబడడం చరిత్రలోని ఒక చిన్న ఎకసెక్కం.

వినోదం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. సెకండ్ షోకు ఊరి కుర్రాళ్ళు గుంపుగా సైకిళ్ళ మీద పట్టణానికి పోవడం, హాలు పక్క సైకిల్ స్టాండులో టోకెను తీసుకోవడం, అర్ధరాత్రి దాటాక పాటలు పాడుకుంటూ తిరిగి రావడం డెల్టా యౌవనానికి సామాన్యానుభవం. సుప్రసిద్ధ నిర్మాత దగ్గుబాటి రామానాయుడు పుట్టిన ఊరు కూడా కారంచేడే. తెర మీద సైకిలు ప్రేమికుల విహార వాహనమైంది. ఊళ్ళో బయటినుంచి వచ్చిన ఆటగాడు ఏడు రోజులు కాలు నేల మోపకుండా సైకిలు తొక్కుతూ, దాని మీదే తింటూ, స్నానం చేస్తూ గుండ్రంగా తిరుగుతుంటే జనం చిల్లర వేసేవారు. నేల మీద కాలు పెట్టకపోవడమే ఆ ఆటలో గొప్ప.

ఆ ఆటలో మెప్పు పొందిన చర్యే వీథిలో నేరమైంది. తెలుగు, తమిళ ప్రాంతాల పల్లెలలో అనేకచోట్ల దళితులు అగ్రకులాల వీథి మొదట్లో సైకిలు దిగి, నడిపించుకుంటూ పోయి, వీథి చివర మళ్ళీ ఎక్కే ఆచారం ఉండేది. చెప్పులు చేతపట్టుకోవడం, తలపాగా తీయడం, పంచె దించడం వంటి పాత మర్యాదల జాబితాలో ఈ కొత్త యంత్రం చేరిపోయింది. అరుగు మీద కూర్చున్న ఆసామి కంటే సీటు మీది మనిషి తల ఎత్తున ఉంటుంది. అరుగు నిర్మించిన ఎత్తుల క్రమాన్ని సీటు తారుమారు చేస్తుంది. దిగమనడం వాహనాన్ని నిషేధించడం కాదన్న సంగతి గమనింపదగినది. సైకిలు ఉండవచ్చు, దాని మీద పాలు రావచ్చు, ఎరువు బస్తా రావచ్చు. మనిషి మాత్రం దాని పక్కన నడవాలి. పాత సైకిళ్ళ సీట్లు తోలువి. తోలు ఊనే మాదిగను ఆ తోలు మీద కూర్చోవద్దనడంలోని వైపరీత్యం ఆ ఆచారం పెట్టినవారికి తట్టినట్లు లేదు.

భాష కూడా ఈ చరిత్రలో పాలుపంచుకుంది. ‘ద్విచక్రిక’ వంటి పండితుల మాటలు నిలవలేదు. తెలుగువాడు సైకిలును ‘నడపడు’, ‘తొక్కుతాడు’. అణగదొక్కడంలో ఉన్న క్రియే ఇది. తరతరాలుగా ఆ క్రియకు కర్మగా ఉన్న మనిషి సైకిలు సీటు మీద కర్త అయినాడు.

ఇక్కడ ఒక పోలిక అవసరం. పుచ్చలపల్లి సుందరయ్య సైకిలు మీద పార్లమెంటుకు, శాసనసభకు వెళ్ళడం తెలుగు రాజకీయ స్మృతిలో నిరాడంబరతకు ప్రతీక. నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామ్య కుటుంబంలో పుట్టి, పేరు చివరి కులనామాన్ని వదులుకున్న ఆయనకు సైకిలు ఎక్కడమంటే స్వచ్ఛందంగా మెట్టు దిగడం. పాలేరు కొడుకుకు అదే సైకిలు మెట్టెక్కడం. మొదటిదాన్ని సమాజం మెచ్చుకుంది, రెండవదాన్ని పొగరు అన్నది. నిరాడంబరత ఒక విలువగా చెలామణి కావడానికి వదులుకోవడానికి ఏదో ఒకటి ఉండాలన్న విషయాన్ని సుందరయ్య జీవితచిత్రణలు పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు.

సైకిలు తెచ్చిన రాజకీయార్థ మార్పు కూలి విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. కాలినడక పరిధిలో పని దొరికే కూలికి యజమానులు తన ఊరివాళ్ళే. కూలిరేటు, అప్పు, పాలేరుతనం అన్నీ ఆ పరిధిలోనే తేలుతాయి. పట్టణంలో బేల్దారి పనికో, రిక్షాకో, గోదాములో బస్తాలు మోయడానికో వెళ్ళి రాత్రికి తిరిగి రాగలిగినవాడు ఊరి ఆసామికి ‘రాను’ అని చెప్పగలడు. ఆ ఒక్క మాట వెనుక కళాశాల చదువు, క్రైస్తవ మిషన్ల పాఠశాలలు, రిజర్వేషన్లు, ఉద్యమాలు ఎన్నో ఉన్నాయి. సైకిలు వాటిలో అతి చిన్నది, కాని రోజూ వాడింది. డెల్టాలో హరితవిప్లవ మిగులుతో ఆసాములు మోటారు వాహనాలకు మారుతున్న కాలంలోనే, వారు దిగిన సైకిలు మీదికి దళితవాడ ఎక్కింది.

1982 మార్చి 29న ఏర్పడిన తెలుగుదేశం పార్టీ 1983 ఎన్నికలలో సైకిలు గుర్తుతో అధికారానికి వచ్చింది. సామాన్యుని వాహనం కావడం వల్లనే అది గుర్తుగా పలికింది. నాయకుడు మాత్రం చైతన్యరథం మీద తిరిగాడు. 1985 మార్చిలో మధ్యంతర ఎన్నికలలో ఆ గుర్తు మళ్ళీ గెలిచింది. నాలుగు నెలలకు కారంచేడు జరిగింది. జూలై 16 సాయంత్రం మాదిగల మంచినీటి చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్లు కడిగి నీటిని పాడుచేయడం, అడ్డుచెప్పిన మాదిగ స్త్రీ తనమీదికి వచ్చిన దెబ్బను కాచుకోవడానికి బిందె ఎత్తడం కారణమైనాయి. మరునాడు మాదిగపల్లె మీద మూకుమ్మడి దాడి జరిగింది. 6 మంది పురుషులు హతులైనారు, స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవారు పొలాలకు అడ్డంపడి చీరాల చేరారు. అక్కడి శిబిరం నుంచి ఉద్యమం, కత్తి పద్మారావు, బొజ్జా తారకం తదితరుల నాయకత్వంలో దళిత మహాసభ పుట్టాయి. నిర్వాసితులకు చీరాలలో విజయనగర్ కాలనీ ఏర్పడింది. కూలికోసం, సినిమాకోసం సైకిలు మీద పోయివచ్చే దారి, తిరిగిరాని దారి అయింది.

కారంచేడు ఘటన సైకిలుకు సంబంధించినది కాదు, నీటికి సంబంధించినది. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల హత్యకు దారితీసిన వివాదం సినిమా హాలులో ముందువరుసవాడికి కాలు తగలడంతో మొదలైంది. చెరువు, హాలు, వీథి మూడూ ఉమ్మడి స్థలాలే. ఎత్తిన బిందె, తగిలిన కాలు, దిగని సైకిలు మూడింటిలోనూ ఆగ్రహానికి కారణం ఒకటే. పక్కకు తప్పుకుంటాడనుకున్న మనిషి తప్పుకోలేదు. కారంచేడు తరువాతి తెలుగు దళిత కవిత్వాన్ని, ‘చిక్కనవుతున్న పాట’ (1995), ‘పదునెక్కిన పాట’ (1996) సంకలనాలను ధిక్కార స్వరంగా చదవడం అలవాటైంది. ఆ స్వరానికి ముందు, నినాదం కాని రూపంలో, వీథి మలుపులో దిగకుండా సాగిపోయిన సైకిళ్ళ ధిక్కారం ఒకటి ఉంది. దళిత స్వీయచరిత్రలలోనూ కథలలోనూ అటువంటి సందర్భాలను ‘నేపథ్యం’ కింద దాటవేయకుండా ఏరి చూడవలసిన పని పరిశోధనకు మిగిలి ఉంది.

స్త్రీల సంగతి ఈ చిత్రంలో ఆలస్యంగా వస్తుంది. కేరియరు మీద పక్కకు తిరిగి కూర్చోవడమే చాలాకాలం వారి సైకిలు అనుభవం. పొలానికి, చేపల అమ్మకానికి స్త్రీ నడిచింది. 1991–92లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది గ్రామీణ స్త్రీలకు చదువుతో పాటు సైకిలు నేర్పింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా స్త్రీలు అక్షరదీపం పాఠాల నుంచి సారా వ్యతిరేకోద్యమంలోకి నడిచారు. వారి చేతికి సైకిలు రాలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘బడికొస్తా’ పథకం కింద ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళిచ్చింది. అప్పటికి ఆ పిల్లల అన్నలు మోటారుసైకిళ్ళకు మారిపోయారు.

వీథిలో దిగవలసిన ఆచారానికి చట్టం ఇచ్చిన జవాబు ఇంకా ఆలస్యమైంది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఉమ్మడి దారుల వినియోగాన్ని సాధారణంగా పేర్కొన్నది. కారంచేడు ఉద్యమం తరువాత వచ్చిన 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలోనూ మొదట వాహనం ఊసు లేదు. 2015 సవరణ ద్వారా, 2016 జనవరి 26 నుంచి, బహిరంగ ప్రదేశాలలో షెడ్యూల్డు కులాలవారు సైకిలు లేదా మోటారుసైకిలు ఎక్కడాన్ని, తొక్కడాన్ని అడ్డుకోవడం ప్రత్యేకంగా నేరమైంది. అదే ఉపవాక్యంలో చెప్పులు తొడగడం, కొత్తబట్టలు కట్టడం, పెళ్ళి ఊరేగింపు, గుర్రమెక్కడం కూడా ఉన్నాయి.