మూడు నియమాలు: ఒంగోలు సీమలో తొలి క్రైస్తవ సాక్షులు

క్రైస్తవ సంఘ పరిభాషలో సాక్షి అంటే తాను నమ్మినదాన్ని నలుగురిలో చెప్పి, అందువల్ల వచ్చే కష్టనష్టాలను తానే భరించేవాడు. ఆ కష్టం ఏ రూపంలో వస్తుందన్నది కాలాన్ని బట్టి, దేశాన్ని బట్టి, అన్నిటికంటే ఎక్కువగా ఆ సాక్షి పుట్టిన కులాన్ని బట్టి మారుతుందని పంతొమ్మిదో శతాబ్దపు తెలుగు దేశ చరిత్ర చెబుతుంది. 1843లో మచిలీపట్నంలో మిషనరీ రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాలలో చదువుకున్న అయినాల భూషణం, మంచాల రత్నం 1852లో బాప్తిస్మం, అనగా క్రైస్తవ సంఘంలో చేర్చుకునే జలసంస్కారం, పొందినప్పుడు పట్టణమంతా అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించడంతో పాఠశాల దాదాపు ఖాళీ అయింది. భూషణం బ్రాహ్మణుడు, రత్నం వెలమ. అటువంటి యువకులు ఇంటినీ వారసత్వాన్నీ వదులుకుని మిషనరీ నీడకు చేరవలసివచ్చేది, అంటే వారికి ఎదురైన వ్యతిరేకత ప్రధానంగా కుటుంబం నుంచి వచ్చినది. ఆ తరువాత పదిహేనేళ్లకు ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెల్లో తలెత్తిన వ్యతిరేకత మాత్రం వేరు రకానికి చెందినది. అది ఇంటి గడపలో కాక కళ్లంలో, బావి దగ్గర, కరణం చావడిలో పుట్టింది.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై 1840లో నెల్లూరులో స్థిరపడింది. చాలా ఏళ్లపాటు చెప్పుకోదగిన ఫలితం లేక, దాన్ని మూసివేయాలన్న ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చింది. 1865లో వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ మరుసటి ఏడాది సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టాడు. ఒంగోలు తాలూకా అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగం. క్లౌ కంటే ముందే ఈ కథకు అసలు కర్త సిద్ధంగా ఉన్నాడు. ఒంగోలుకు పడమరగా ఉన్న తాళ్లకొండపాడు గ్రామపు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదికి తిరిగే క్రమంలో ఏలూరు, పాలకొల్లు ప్రాంతాల మిషనరీల ద్వారా క్రైస్తవ బోధ విని, 1866లో భార్య నాగమ్మతో సహా ఇదే తెలుగు మిషనుకు చెందిన లైమన్ జ్యువెట్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. అంతకుముందే అతడు యోగ గురువులను ఆశ్రయించి, రాజయోగ మార్గంలో సాధన చేసి, తనకంటూ శిష్యులను కూడగట్టుకున్నవాడు. ఈ విషయాన్ని మిషను చరిత్రలు ఒక వాక్యంలో దాటవేస్తాయి గాని, అది దాటవేయదగినది కాదు: పేరయ్య మాటకు పల్లెల్లో వచ్చిన బరువు క్రైస్తవం ఇచ్చినది కాదు, అతడు క్రైస్తవంలోకి తెచ్చుకున్నది.

1867 జనవరిలో ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి పల్లె బయట చెట్ల కింద మకాం వేయగా, పేరయ్య చుట్టుపక్కల ఊళ్ల నుంచి పోగుచేసిన జనంలో ఇరవై ఎనిమిదిమంది బాప్తిస్మం పొందారు. దీనికి ఒంగోలులో వెంటనే ప్రతిస్పందన వచ్చింది. అంతవరకు మిషను బడికి పిల్లలను పంపుతున్న అగ్రకులాలవారు, మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలు రారని తేల్చిచెప్పారు. ఎటువైపు నిలవాలో తేల్చుకోలేక క్లౌ, అతని భార్య విడివిడిగా బైబిలు తెరిచారని, ఇద్దరికీ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో నీచులైనవారినే దేవుడు ఎన్నుకున్నాడనే భాగం కనిపించిందని క్లౌ చెప్పుకున్నాడు. ఈ కాకతాళీయం సంగతి ఎలా ఉన్నా, ఆ నిర్ణయంతో ఒంగోలు మిషను మాదిగల మిషనుగా మారింది.

చేరదలచినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. కాగితం మీద ఇవి మతాచార నియమాలుగానే కనిపిస్తాయి. వీటి వల్ల ఊళ్లకు ఊళ్లు ఎందుకు కదిలిపోయాయో తెలియాలంటే గ్రామ ఆర్థిక వ్యవస్థలో మాదిగవాని స్థానం తెలియాలి. ఒక్కో మాదిగ కుటుంబం కొన్ని రైతు కుటుంబాలకు కట్టుబడి ఉండేది. చెప్పులు, కాడికి కట్టే తోలు పట్టెడలు, బావి నుంచి నీరు తోడే మోటకు తోలు బొక్కెన కుట్టి ఇవ్వడం, అవి తెగితే వెంటనే బాగుచేయడం, కోతలకు, నూర్పిళ్లకు మనుషులను పంపడం వారి విధి. రైతు కొట్టంలో చచ్చిన పశువు వారిది. తోలు ఊనడానికి, మాంసం తినడానికి. ఇందుకు ప్రతిఫలంగా నూర్పిడి రోజున కళ్లంలో కొలిచి ఇచ్చే గింజలను మేర అనేవారు. మేర కూలి కాదు, రోజుకింత అని లెక్క కట్టేది కాదు. ఏడాది పొడుగునా పిలిచినప్పుడల్లా పలికినందుకు ఏడాదికోసారి దక్కే వాటా. పోలేరమ్మ వంటి గ్రామదేవతల జాతరల్లో డప్పు కొట్టడం కూడా ఈ విధుల్లో భాగమే, దానికీ వేరుగా కొన్ని హక్కులుండేవి.

ఈ వ్యవస్థలోకి ఏడురోజుల వారం వచ్చి పడింది. చేనుకు నీరు పెడుతుండగా ఆదివారం నాడు మోట బొక్కెన చిరిగితే అది సోమవారం దాకా ఆగదు. కళ్లంలో పరిచిన పంట మబ్బు పట్టినప్పుడు ఆగదు. జాతర నాడు డప్పు మోగకపోతే అమ్మవారు కోపించి మశూచినో కలరానో ఊరి మీదికి పంపుతుందన్న భయం నటన కాదు, ఆ శతాబ్దంలో ఆ రెండు వ్యాధులు ప్రతి తరాన్నీ తుడిచిపెడుతూనే ఉన్నాయి. కాబట్టి రైతు దృష్టిలో మాదిగ నిరాకరణ కట్టుబాటును ఉల్లంఘించడమూ, ఊరందరి ప్రాణాలతో చెలగాటమాడడమూ. ఈ పక్షపు వాదన మిషను గ్రంథాల్లో దాదాపు వినపడదు. వాటిలో కరణం ఎప్పుడూ దుర్మార్గుడే. వ్యతిరేకత మూలాలను అర్థం చేసుకోవడం దాన్ని సమర్థించడం కాదు గాని, దాన్ని కేవలం మతద్వేషంగా చూపినందువల్ల సాక్షుల సాహసం కూడా సగమే కనిపిస్తుంది.

వ్యతిరేకత ఎలా నడిచిందో చూస్తే, దాని ఆయుధాలన్నీ పాతవే. మేర ఆపివేయడం, అప్పు వెంటనే తీర్చమనడం, దొంగతనం అంటగట్టడం, నీళ్లు తెచ్చుకునే దారి మూయడం, మాదిగపల్లెకు సరుకు అమ్మవద్దని అంగడివానికి చెప్పడం. దీనికి చట్టం కూడా తోడుండేది. మద్రాసు ప్రభుత్వపు 1816 నాటి పదకొండవ రెగ్యులేషన్ చిన్న నేరాలకు గ్రామ మునసబుకు శిక్షాధికారం ఇస్తూ, తక్కువ కులాలవారిని మాత్రం ఆరు గంటలకు మించకుండా బొండలో, అనగా కాళ్లు బిగించే రంధ్రాలున్న కొయ్యలో, పెట్టవచ్చునని అనుమతించింది. ఒకే తప్పుకు కులాన్ని బట్టి శిక్ష మారే ఈ ఏర్పాటు ఉన్నచోట, ఆదివారం పనికి రాని మాదిగను ఏదో ఒక నేరం కింద చావడికి రప్పించడం కష్టమైన పని కాదు. మరోవైపు 1850 నాటి ఇరవై ఒకటవ చట్టం మతం మారినవారి వారసత్వ హక్కును కాపాడింది. మచిలీపట్నపు యువకులవంటి ఆస్తిపరుల కుటుంబాలవారికి అది రక్షణ. వారసత్వంగా మేర తప్ప మరేమీ లేని మాదిగకు ఆ చట్టంలో ఒక్క అక్షరం కూడా పనికిరాలేదు, ఎందుకంటే మేర ఆస్తి కింద రాదు. రైతు తలచుకుంటే ఉంటుంది, లేకుంటే లేదు.

ఇటువంటి స్థితిలో సాక్షి గుణమేమిటి? దీనికి సమాధానం ప్రసంగాల్లో వెదకడం వృథా. పేరయ్య వంటివారు చేసిన పనిలో అన్నిటికంటే గమనించదగినది వారు ఊరు విడవకపోవడం. అగ్రకుల విశ్వాసి మిషను ఆవరణలోకి పోయి బతకగలడు. పల్లెకు పల్లె అక్కడికి పోలేదు, పోయినా చేసే వృత్తి ఉండదు. అందువల్ల తిట్టిన రైతుకే సోమవారం చెప్పులు కుట్టాలి, మేర ఆపినవాని చేలోనే ఆరు రోజులూ కోత కోయాలి, ఏడవ రోజు మాత్రం రానని చెప్పాలి. పూర్తిగా తెగతెంపులు చేసుకోవడం కంటే ఇది కష్టం, ఎందుకంటే తెగతెంపులు ఒక్కసారితో అయిపోతాయి, ఈ నిరాకరణ ప్రతి వారం కొత్తగా చేయవలసివస్తుంది. ఇందులో లొంగిపోయినవారు లేరని చెప్పలేము. డప్పు కొట్టి వచ్చి సంఘం ముందు తలవంచుకున్నవారు తప్పక ఉండి ఉంటారు, వారిని కూడా ఈ చరిత్రలో కలుపుకోవాలి. పల్లెలోపలి ఒత్తిడి కూడా తక్కువది కాదు. చచ్చిన పశువు మాంసాన్ని పంచుకోవడం బంధుత్వంలో భాగమైనచోట, ఆ వాటా వద్దన్నవాడు ముందుగా అన్నదమ్ములకు పరాయివాడయ్యేవాడు. అయినా కొత్త విశ్వాసం పాకినది ఆ బంధుత్వాల దారిలోనే. పిల్లనిచ్చిన ఊరికి, తోళ్లు కొన్న ఊరికి కబురు తానుగా నడిచింది, మిషనరీ బండి తరువాత వెళ్లింది.

1876 నుంచి 1878 దాకా సాగిన మహాక్షామం ఈ సాక్ష్యాన్ని మరో దిక్కు నుంచి పరీక్షించింది. మిషనులో చేరకముందు అమెరికాలో భూమి కొలతల పని చేసిన క్లౌ, క్షామ సహాయ పనుల్లో భాగంగా బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి పని కల్పించాడు. బోధకులు మేస్త్రీలయ్యారు, మధ్యాహ్నం విరామంలో కూలీలతో కూర్చుని మాట్లాడేవారు. గింజల కోసం మతం మారుతున్నారన్న ఆరోపణకు తావుండరాదని క్లౌ దాదాపు పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఆ నిలుపుదల తొలగినప్పుడు 2వ తేదీన 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నీళ్లలోకి దిగారు. బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున. క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు. ఏడాది చివరికి బాప్తిస్మం పొందినవారి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. ఆరోపణ మాత్రం చావలేదు. ఆకలికి, విశ్వాసానికి మధ్య గీత గీయడం ఆనాటి క్లౌకు ఎంత కష్టమో ఈనాటి చరిత్రకారునికీ అంతే కష్టం. అయితే 1867లో చేరిన ఇరవై ఎనిమిదిమందిని ఏ క్షామమూ తరమలేదన్నది, చేరడం వల్ల వారికి గింజలు దక్కకపోగా ఉన్న మేరకే ముప్పు వచ్చిందన్నది ఆ ఆరోపణ చేసేవారు లెక్కలోకి తీసుకోవలసిన సంగతి.

ఈ వృత్తాంతాల్లో చాలాభాగం 1899లో వెలువడిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గ్రంథం ద్వారా తెలుస్తున్నది. క్లౌ రెండవ భార్య అయిన ఆమె మాదిగ పెద్దలు చెప్పుకున్న జ్ఞాపకాలను రికార్డు చేసింది గనుక, వారి గురుపరంపరలు, తమ దేవత మాతంగి ఆరాధన, యోగసాధన వివరాలు అందులో నిలిచాయి. సాక్ష్యానికి వెల చెల్లించడం మాత్రం ఆ పెద్దల తరంతో ముగియలేదు. 1950లో షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చి క్రైస్తవులను ఆ జాబితా బయట నిలిపాక, ఈ పల్లెల మనుమలకు, మునిమనుమలకు మతాన్ని కాగితం మీద రాసుకోవడం మరో రకమైన ఖర్చుతో కూడిన పని అయింది. ఆంధ్రప్రదేశ్‌లో అటువంటివారిని వెనుకబడిన తరగతుల్లో 'సి' గ్రూపు కింద చేర్చారు, ఆ గ్రూపుకు రిజర్వేషన్ ఒక శాతం.