అతికించింది అతికించినట్టే: ఒక తపాలా వంశం కథ

(రేడియో ప్రసంగ పాఠం)

శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి, కాస్త కునుకు తీసి లేచి రేడియో పెట్టుకున్నవాళ్ళకి ముందుగా ధన్యవాదాలు. నేను చరిత్ర పండితుణ్ణి కాను. మనామాలో కంప్యూటర్ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. కానీ ఉత్తరాలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒక పిచ్చి. దానికి కారణం మా బాపు.

మాది జగిత్యాల దగ్గర పల్లె. బాపు 1992 నుంచి 2004 దాకా ఇక్కడే, బహ్రెయిన్‌లో, మేస్త్రీ పని చేశాడు. ఆ రోజుల్లో ఇక్కణ్ణించి మా ఊరికి ఉత్తరం చేరాలంటే పది పన్నెండు రోజులు పట్టేది. అందుకని క్యాంపులో ఎవరైనా సెలవు మీద ఇంటికి పోతుంటే తక్కినవాళ్ళందరూ తమ ఉత్తరాలు ఆయన సంచీలో పెట్టేవారు. ఆయన బొంబాయిలో దిగి కొన్ని అక్కడ డబ్బాలో వేసేవాడు, కొన్ని ఊళ్ళో చేతికే ఇచ్చేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఇళ్ళ నుంచి జవాబులు. ఖర్చు లేదు, నాలుగు రోజుల్లో చేరేవి. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇదే జరిగి ఉంటుంది.

ఒకసారి అమ్మ అలాగే ఒక ఉత్తరం పంపింది. అందులో పొలం కుదువ పెట్టిన సంగతి రాసింది. ఉత్తరం బాపు చేతికి వచ్చేసరికి కవరు అంచు చిరిగి ఉంది. ఆ సంగతి అప్పటికే క్యాంపులో అందరికీ తెలుసు. ఆ తర్వాత బాపు ఎవరి చేతికీ ఉత్తరం ఇవ్వలేదు. "ఆలస్యమైతె ఏమాయె, అతికించింది అతికించినట్టే పోవాలె" అనేవాడు. ఆ మాట నాలో ఉండిపోయింది. అందుకే ఇవాళ మీకు ఒక కుటుంబం కథ చెప్పబోతున్నాను. మూడు వందల డెబ్భై ఏళ్ళకు పైగా యూరప్ ఉత్తరాలు మోసి, దానితోనే రాకుమారులైన కుటుంబం అది. జర్మన్ భాషలో వాళ్ళ పేరు టూర్న్ ఉంట్ టాక్సిస్.

పేరు వినగానే మీకు టాక్సీ గుర్తుకొచ్చి ఉంటుంది. టాక్సీ వీళ్ళ పేరు మీదే వచ్చిందని కొందరు చెబుతుంటారు. అది నిజం కాదు. టాక్సీ వచ్చింది టాక్సీమీటరు నుంచి, అంటే రుసుము లెక్కగట్టే యంత్రం నుంచి. ఈ కుటుంబం అసలు ఇంటిపేరు తాసో. ఇటలీలో బెర్గామో దగ్గర కొండల్లో కార్నెల్లో అనే చిన్న పల్లె వాళ్ళ స్వస్థలం. తాసో అంటే ఇటాలియన్‌లో నేలలో బొరియలు తవ్వుకునే ఒక జంతువు, ఇంగ్లీషులో బ్యాడ్జర్ అంటారు. కుటుంబ చిహ్నంలో ఇప్పటికీ ఆ జంతువు బొమ్మ ఉంటుంది. కవి టోర్క్వాటో తాసో కూడా ఈ వంశంలోనివాడే. పంటలు పెద్దగా పండని కొండ ఊరు. అక్కడి మగవాళ్ళు వెనిస్ వర్తకులకు, తర్వాత పోపు దగ్గర ఉత్తరాలు మోసే వార్తాహరులుగా వలసపోయారు. మన ఊళ్ళ నుంచి మనం ఇక్కడికి వచ్చినట్టే అనుకోండి.

1490లో హాబ్స్‌బర్గ్ వంశానికి చెందిన మాక్సిమిలియన్‌కి ఒక చిక్కు వచ్చింది. ఒకపక్క ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్, ఇంకోపక్క నేటి బెల్జియం ప్రాంతం, రెండూ ఆయనవే. మధ్యలో కొండలు, నదులు, పరాయి రాజ్యాలు. అప్పుడు తాసో కుటుంబంవాళ్ళను పిలిపించి అంచెలు వేయించాడు.

అంచె మన మాటే. అంచెలంచెలుగా అంటాం కదా. దారి పొడుగునా ఒక్కోచోట తాజా గుర్రం, తాజా మనిషి సిద్ధంగా ఉంటే దాన్ని అంచె అంటారు. మైసూరు సంస్థానంలో తపాలా శాఖ పేరే అంచె. కన్నడంలో పోస్టాఫీసును ఈనాటికీ అంచె కచేరి అనే అంటారు. ఇంగ్లీషు పోస్టు అనే మాట కూడా లాటిన్‌లో ఉంచబడినది అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. అంటే దారిలో నిలిపి ఉంచిన గుర్రం, మనిషి. రెండు చోట్లా ఊహ ఒకటే చూడండి. అలసిపోయేది మనిషి, గుర్రం. సంచీ అలసిపోదు. కాబట్టి మనిషి ఆగినా సంచీ ఆగకూడదు.

మరి ఇది వీళ్ళు కనిపెట్టిందా? కాదు. 14వ శతాబ్దంలో ఢిల్లీ వచ్చిన ఇబ్న్ బతూతా ఇక్కడి టపా గురించి వివరంగా రాశాడు. మైలుకు మూడు చోట్ల పరుగుమనుషులు కాచుకుని ఉండేవారట. చేతిలో కర్ర, దాని కొసన గంటలు. గంటల చప్పుడు వినగానే తర్వాతివాడు లేచి సిద్ధమయ్యేవాడు. గుర్రపు టపా కన్నా ఈ కాలినడక టపాయే వేగం అని కూడా రాశాడు. అయితే అది సుల్తాను కోసం, సుల్తాను ఖర్చుతో నడిచేది. తాసోలు తెచ్చిన కొత్తదనం వేరే. నిజానికి మూడు కొత్తదనాలు.

మొదటిది, గడువు. 1505లో మాక్సిమిలియన్ కొడుకు ఫిలిప్‌తో ఫ్రాంజ్ ఫాన్ టాక్సిస్ ఒక ఒప్పందం రాసుకున్నాడు. ఏటా 12,000 లీవ్రలు చెల్లించాలి. దానికి బదులుగా బ్రస్సెల్స్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కి వేసవిలో అయిదున్నర రోజులు, చలికాలంలో ఆరున్నర రోజులు. పారిస్‌కి వేసవిలో 44 గంటలు, చలికాలంలో 54. స్పెయిన్‌లోని గ్రనాడాకి 15 రోజులు, చలికాలంలో 18. బ్రస్సెల్స్ నుంచి ఇన్స్‌బ్రుక్ అంటే ఇంచుమించు మా జగిత్యాల నుంచి బొంబాయికి ఉన్నంత దూరం. 1516లో చార్లెస్‌తో, అంటే తర్వాత అయిదవ చార్లెస్ చక్రవర్తి అయినవాడితో, మళ్ళీ ఒప్పందం రాసుకున్నప్పుడు పారిస్ గడువును 36 గంటలకు దించారు. దారులను రోమ్, నేపుల్స్ దాకా పొడిగించారు.

నాలాంటి కంప్యూటర్ వాడికి ఇది చదవగానే నవ్వొచ్చింది. మా వృత్తిలో సర్వీస్ లెవెల్ అగ్రిమెంటు అని ఒక కాగితం ఉంటుంది. ఎంతసేపట్లో పని జరగాలో అందులో రాస్తాం. ఇదీ అదే. ఇంకా విశేషం ఏమిటంటే, సంచీతో పాటు ఒక గంటల పట్టీ కూడా ప్రయాణం చేసేది. ప్రతి అంచెలోనూ సంచీ ఏ రోజు, ఏ గంటకు వచ్చిందో దాని మీద రాయాలి. ఆలస్యం ఎక్కడ జరిగిందో, ఎవడు నిద్రపోయాడో చివర్లో ఆ పట్టీ చూస్తే తెలిసిపోతుంది. ఈ రోజు మీ పార్సెల్ ఎక్కడుందో ఫోనులో చూసుకుంటారే, దాని ముత్తాత అది.

రెండో కొత్తదనం, అందరికీ తలుపు తెరవడం. ఇది ఔదార్యంతో చేసింది కాదు. రాజులు డబ్బులు సరిగ్గా ఇచ్చేవారు కారు. అందుకని రాజుగారి సంచీతో పాటు వర్తకుల ఉత్తరాలు కూడా రుసుము తీసుకుని మోయడం మొదలుపెట్టారు. 16వ శతాబ్దం రెండో సగంలో స్పెయిన్ రాజు ఖజానా ఒకటికి రెండుసార్లు దివాలా తీసింది. జర్మనీ దారుల్లో అంచెలు నడిపేవాళ్ళకు జీతాలు బకాయిపడి పనులు మానుకున్నారు. అలాంటి రోజుల్లో ఈ వ్యవస్థ బతికిందంటే మామూలు జనం కట్టిన రుసుముల వల్లే. ఉత్తరాలు వారం వారం చెప్పిన రోజుకి రావడంతో ఇంకొకటి కూడా జరిగింది. 1605లో స్ట్రాస్‌బర్గ్‌లో యోహాన్ కారోలస్ అనే ముద్రాపకుడు టపాలో వచ్చిన కబుర్లను వారానికోసారి అచ్చువేయడం మొదలుపెట్టాడు. ప్రపంచంలో మొదటి వార్తాపత్రిక అదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

మూడోది, సరిహద్దులు దాటడం. అప్పటి జర్మనీ వందల చిన్న రాజ్యాల గుంపు. ఒక్కో రాజ్యానికి ఒక్కో నాణెం, ఒక్కో సుంకం. వాటన్నిటి మీదుగా ఒకే కుటుంబం చేతిలో సంచీ సాగిపోయేది. అన్న ఒక ఊళ్ళో, తమ్ముడి కొడుకు ఇంకో ఊళ్ళో కూర్చుని నడిపేవారు.

అలా మోస్తూ మోస్తూ వాళ్ళ హోదా పెరిగింది. 1595లో చక్రవర్తి టపాకి అధిపతి పదవి, 1615లో అది వంశపారంపర్య హక్కు, 1624లో కౌంట్ బిరుదు, 1695లో ఏకంగా ప్రిన్స్ హోదా. అంటే జమీందారులు తపాలా నడిపారని కాదు, తపాలా నడిపి జమీందారులయ్యారు. ఉన్నత వంశంవాళ్ళకు ఉత్తరాల వ్యాపారం నామోషీ కదా. అందుకని మిలాన్‌ను ఏలిన ఒక పాత రాజవంశానికి తాము వారసులమని వంశవృక్షం రాయించుకుని, 1650లో పేరుకు ముందు టూర్న్ చేర్చుకున్నారు. టూర్న్ అంటే బురుజు. డబ్బు రాగానే గోత్రం వెతుక్కోవడం మనకూ కొత్త కాదు లెండి.

ఈ వంశంలో నాకు అందరికన్నా ఆసక్తిగా తోచిన మనిషి అలెగ్జాండ్రిన్. 1628లో భర్త చనిపోయాడు, కొడుకు చిన్నవాడు. అటు ముప్పై ఏళ్ళ యుద్ధం నడుస్తోంది. సైన్యాలు ఊళ్ళు తగలబెడుతుంటే, అంచెల్లో గుర్రాలు ఎత్తుకుపోతుంటే, 1646లో కొడుకు చేతికి అందేదాకా 18 ఏళ్ళు ఆవిడే తపాలా అధిపతిగా నడిపింది. సమర్థురాలు, సందేహం లేదు. కానీ ఇక్కడే కథకు రెండో ముఖం ఉంది. బ్రస్సెల్స్‌లో ఆవిడ కార్యాలయంలో ఉత్తరాలు రహస్యంగా విప్పి, నకళ్ళు తీసి, మళ్ళీ అతికించి పంపేవారని చరిత్రకారులు రాశారు. 18వ శతాబ్దం వచ్చేసరికి అది మామూలైపోయింది. వియన్నా చక్రవర్తి కోసం ఈ తపాలా కేంద్రాల్లో ఉత్తరాలు చదివే రహస్య గదులే ఉండేవి. లక్క ముద్రను చెదరకుండా తీయడానికీ, అలాంటిదే మళ్ళీ వేయడానికీ మనుషులు. సంకేత భాష విప్పడానికి ఇంకొందరు. ఆ కుటుంబానికి చక్రవర్తి అనుగ్రహం దక్కడానికి ఇదీ ఒక కారణం.

ఇది చదివినప్పుడు నాకు బాపు చేతిలోని ఆ చిరిగిన కవరు గుర్తుకొచ్చింది. మా క్యాంపు మనిషి కుతూహలం కొద్దీ చింపాడు, పట్టుబడ్డాడు. వీళ్ళు నేర్పుతో చేశారు, పట్టుబడకుండా ఏళ్ళు గడిపారు. చేసిన పని ఒకటే. పైగా ఉత్తరం రాసినవాళ్ళు చదివించుకోవడానికి తామే రుసుము కూడా కట్టారన్నమాట.

చివరికి ఏమైంది? పొరుగు రాజులకు సంగతి అర్థమైంది. ఉత్తరం ఎవరి చేతిలో ఉంటే డబ్బూ కబురూ వాళ్ళ చేతిలోనే. బ్రాండెన్‌బర్గ్ లాంటి రాజ్యాలు 17వ శతాబ్దంలోనే సొంత తపాలాలు పెట్టుకున్నాయి. 1806లో నెపోలియన్ దెబ్బకు ఆ పాత సామ్రాజ్యమే అంతరించింది. 1815 తర్వాత కొన్ని చిన్న జర్మన్ రాజ్యాల్లో మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్ కేంద్రంగా వీళ్ళ తపాలా కొనసాగింది. 1852లో సొంత స్టాంపులు కూడా వేశారు. ఉత్తరాది రాజ్యాలకు ఒక నాణెంలో, దక్షిణాదికి ఇంకో నాణెంలో, రెండు రకాలు. 1866 యుద్ధంలో ప్రష్యా ఫ్రాంక్‌ఫర్ట్‌ను పట్టుకుంది. 30 లక్షల థాలర్లు పరిహారం ఇచ్చి 1867 జూలై 1న తపాలాను స్వాధీనం చేసుకుంది. రేగెన్స్‌బర్గ్‌లో ఆ కుటుంబం రాజభవనం ఇప్పటికీ ఉంది. తపాలా మాత్రం లేదు.

ఇక మనం ఉన్నచోటికి వద్దాం. మనామాలో తపాలా కార్యాలయం 1884 ఆగస్టు 1న తెరిచారు. తెరిచింది ఎవరో తెలుసా? ఇండియా తపాలా శాఖ. ఇరాన్ తీరంలోని బుషెహర్ కార్యాలయం కింద ఇది చిన్న శాఖ. బ్రిటిష్ ఇండియా ఆవిరి ఓడలే ఇక్కడ గుర్రాలు, గల్ఫ్ రేవులే అంచెలు. 1933 దాకా ఇక్కడి ఉత్తరాల మీద అంటించింది మామూలు ఇండియా స్టాంపే. ఆ ఏడాది నుంచి అదే స్టాంపు మీద బహ్రెయిన్ అని అచ్చువేశారు. 1948 నుంచి బ్రిటన్ స్టాంపుల మీద అలాగే వేశారు. 1966లో గానీ బహ్రెయిన్ తన తపాలాను తానే నడుపుకోవడం మొదలుపెట్టలేదు.

మా తాతల కాలంలో మా జగిత్యాల ఉత్తరాల మీద ఉన్నది నిజాం స్టాంపు. 1869 నుంచి హైదరాబాదు సంస్థానానికి సొంత స్టాంపులు ఉండేవి. 1871లో వచ్చిన స్టాంపు మీద నాలుగు లిపుల్లో ఒకటి మన తెలుగు. స్టాంపు చూస్తే ఆ దారి ఎవరి చేతిలో ఉందో తెలుస్తుందని నాకు అప్పుడే అర్థమైంది.

ఇప్పుడు మనం రాసే కబుర్లకు స్టాంపు లేదు. అమ్మ పంపిన మాట క్షణంలో నా ఫోనులో పడుతుంది. దారిలో ఎన్ని అంచెలు దాటిందో, ఆ అంచెలు ఎవరివో కనపడదు. నా వృత్తిలో నేను చూసేది ఆ అంచెలనే. కాబట్టి చెబుతున్నాను, వేగం గురించి అందరూ అడుగుతారు. సేవ ఉచితమా కాదా అని కూడా అడుగుతారు. మోసేవాడు విప్పుతాడా అని అడిగేవాళ్ళు తక్కువ. బాపు పెద్దగా చదువుకోలేదు, కానీ మొదట ఆ ప్రశ్నే అడిగాడు. దానికోసం నాలుగు రోజులకు బదులు పన్నెండు రోజులు ఆగాడు.

బాపు ఉత్తరాలన్నీ అమ్మ ఇంట్లో రేకుపెట్టెలో ఉన్నాయి. కవర్ల మీద షేక్ ఈసా బొమ్మ ఉన్న స్టాంపులు, పక్కన జగిత్యాల ముద్ర. కొన్నింటి మీద మనామాలో వేసిన తేదీ, మా ఊరికి చేరిన తేదీ రెండూ ఉన్నాయి. మొన్న సెలవుకు వెళ్ళినప్పుడు మా పాపను కూర్చోబెట్టి ఆ తేదీల మధ్య రోజులు లెక్కపెట్టించాను. పదకొండు, పన్నెండు, ఒక్కోసారి పదిహేను. "అన్ని రోజులు నానమ్మ ఏం చేసేది?" అని అడిగింది. అమ్మే జవాబు చెప్పింది. "ఏం చేస్త బిడ్డా, ఎదురుచూసేదాన్ని."

మీ ఇళ్ళల్లోనూ అలాంటి పెట్టెలు ఉంటాయి. ఈసారి వెళ్ళినప్పుడు ఒకసారి తెరిచి పిల్లలకు చూపించండి.