మొక్క నాటితే సరిపోదు, నీళ్ల లెక్క కూడా రాయాలి: మౌంట్ ఆబర్న్ శ్మశానం చరిత్ర

ఈసారి ధరలు, ఎరువుల సంగతి పక్కన పెట్టి ఒక శ్మశానం చరిత్ర రాస్తున్నాను. శ్మశానం అనగానే మొహం తిప్పుకోకండి. ఇది పండ్ల చెట్లు, పూల మొక్కలు పెంచేవాళ్లు మొదలుపెట్టిన శ్మశానం. మనం నేర్చుకోవాల్సిన లెక్క ఒకటి ఇందులో ఉంది.

అమెరికాలో బోస్టన్ పట్నం పక్కన మౌంట్ ఆబర్న్ అని ఉంది. ఇప్పుడు 175 ఎకరాలు, ఐదు వేలకు పైగా చెట్లు.

రెండు వందల ఏళ్ల కిందట బోస్టన్‌లో చనిపోయినవాళ్లను ఊరి మధ్యలో, చర్చిల దగ్గరే పూడ్చేవాళ్లు. జాగా చాలక ఒకరి మీద ఒకరిని పెట్టే పరిస్థితి వచ్చింది. ఆ గాలికే రోగాలు వస్తాయని జనం భయపడేవాళ్లు. జేకబ్ బిగెలో అని ఒక డాక్టరు ఉండేవాడు, మొక్కల శాస్త్రం కూడా బాగా తెలిసినవాడు. ఊరి బయట చెట్ల నీడలో శ్మశానం పెడదామని 1825లో నలుగురినీ తన ఇంటికి పిలిచి మాట్లాడాడు. మాటలైతే అయ్యాయి గానీ భూమి దొరకలేదు.

1829లో అక్కడే మసాచుసెట్స్ హార్టికల్చరల్ సొసైటీ పుట్టింది. వీళ్లకు కొత్త రకాల మొక్కలు వేసి చూడటానికి ఒక ప్రయోగ తోట కావాలి. కొనడానికి డబ్బు లేదు. ఒకరికి శ్మశానం కావాలి, ఇంకొకరికి తోట కావాలి. 1831లో ఇద్దరూ కలిశారు.

ఇప్పుడు లెక్క చూడండి. జార్జ్ బ్రిమ్మర్ అనే ఆయన దగ్గర 72 ఎకరాల అడవి నేల, ధర 6,000 డాలర్లు. అంటే ఎకరం సుమారు 83 డాలర్లు. ముందుగా 100 మంది ఒక్కొక్క ప్లాటుకు 60 డాలర్లు ఇస్తామని ఒప్పుకుంటేనే కొనాలని షరతు పెట్టుకున్నారు. వందను అరవైతో గుణించండి, సరిగ్గా ఆరు వేలు. ఒక్కో ప్లాటు 300 చదరపు అడుగులు, మన సెంటులో ముప్పావు వంతు కూడా లేదు. మన దగ్గర వెంచర్లు వేసినట్టే ఉంది కదా! తేడా ఎక్కడంటే, ఇక్కడ లేఅవుట్ వేయగానే ముందు చెట్లు కొట్టేస్తారు. వాళ్లు చెట్లు ఉంచడానికే ప్లాట్లు అమ్మారు.

1831 సెప్టెంబర్ 24న ఒక పల్లపు చోట ప్రారంభం జరిగింది. జోసెఫ్ స్టోరీ అనే సుప్రీం కోర్టు జడ్జి మాట్లాడాడు. సొసైటీ అధ్యక్షుడు హెన్రీ డియర్‌బోర్న్ నేల వాలును బట్టి, దిబ్బల చుట్టూ తిరిగేలా దారులు వేయించాడు. పారిస్‌లో 1804లో మొదలైన పేర్ లాషేజ్ శ్మశానం వాళ్లకు నమూనా. ఇక్కడ పెద్ద దారులకు చెట్ల పేర్లు, కాలిబాటలకు పూల పేర్లు పెట్టారు.

నాలుగేళ్లకే పేచీ వచ్చింది. ప్లాట్లు కొన్నవాళ్లకు శ్మశానం ముఖ్యం, తోటవాళ్లకు తోట ముఖ్యం. 1835లో విడిపోయారు. కానీ కోర్టుల చుట్టూ తిరగలేదు, కాగితం రాసుకున్నారు. ఏటా ప్లాట్ల అమ్మకం సొమ్ములో ఖర్చుల కింద 1,400 డాలర్లు తీసేసి, మిగిలిన దాంట్లో నాలుగో వంతు సొసైటీకి ఇవ్వాలి. శ్మశానానికి మిగిలేది ఆ నేల బాగుకే వాడాలి. ప్రయోగ తోట నిలవలేదు గానీ, ఆ పావు వంతు సొమ్ముతో సొసైటీ నిలబడింది. చెట్లూ నిలబడ్డాయి.

సెలవు రోజుల్లో జనం బళ్లు కట్టుకుని చూడటానికి వచ్చేవాళ్లు. దీన్ని చూసి 1836లో ఫిలడెల్ఫియాలో, 1838లో బ్రూక్లిన్‌లో ఇలాంటివే వెలిశాయి. బతికున్నవాళ్లకూ ఇలాంటి తోట ఉండాలి కదా అనే మాట అక్కడినుంచే పుట్టి, పట్నాల్లో పార్కుల దాకా వచ్చింది.

వాళ్ల వేసవి జూన్ నుంచి ఆగస్టు. మన మే నెల మంట అక్కడ ఉండదు. ఆ రోజుల్లో పాలు కారే మొక్కలు పూస్తాయి. అవి మన జిల్లేడు కుటుంబమే. మోనార్క్ సీతాకోకచిలుక పురుగు వాటి ఆకులే తిని పెరుగుతుంది. మన జిల్లేడు మీద పెరిగే నారింజ రంగు సీతాకోకచిలుక దానికి దగ్గరి చుట్టమే. 1831లో ప్రారంభం జరిగిన ఆ పల్లంలో చిన్న మడుగు ఉంది. పసుపు చుక్కల సాలమాండర్, అంటే బల్లి రూపంలో ఉండే ఉభయచర జీవి, ఎండలు ముదరకముందే అందులో గుడ్లు పెడుతుంది. పిల్లలు వేసవి అంతా నీళ్లలో పెరిగి ఒడ్డెక్కుతాయి.

ఆగస్టులో ఫ్రాంక్లీనియా పూస్తుంది. తెల్లటి పూలు, మధ్యలో పసుపు. దీని కథ మనలాంటి ఒక రైతుది. జాన్ బార్‌ట్రామ్ ఫిలడెల్ఫియా దగ్గర సేద్యం చేసుకుంటూ, తనంతట తానే మొక్కల చదువు నేర్చుకున్నాడు. 1765లో కొడుకు విలియంతో కలిసి జార్జియాలో ఒక ఏటి పక్కన ఈ చెట్టు చూశాడు. తర్వాత కొడుకు మళ్లీ వెళ్లి విత్తనం తెచ్చాడు. 1803 తర్వాత అడవిలో దాన్ని చూసినవాళ్లు లేరు. ఈ రోజు ఎక్కడ ఉన్నా, అది తోటల్లో కాపాడిన విత్తనం నుంచి వచ్చిందే.

ఇక మన సంగతి. ఏటా గట్టు జరుపుకుంటూ పోయి వల్లకాడు ఎంత కుంచించుకుపోయిందో ఎవరి ఊరిది వాళ్లకు తెలుసు. శవాన్ని మోసుకెళ్లినవాళ్లు నిలబడటానికి నీడ లేదు. వానాకాలంలో మొక్కలు నాటుతాం, ఫొటోలు దిగుతాం. మే నెలకు పుల్లలు మిగులుతాయి. మొక్క తప్పు కాదు, నేల తప్పూ కాదు. నీళ్లు ఎవరు పోయాలి, ఆ మనిషికి కూలి ఎక్కడినుంచి రావాలి అన్నది రాసుకోకపోవడమే తప్పు. వాళ్లు 1835లో రాసుకున్నారు.

అందుకని నాదొక మాట. ఈసారి శ్మశానంలో గుంత తవ్వేముందు నలుగురూ కూర్చోండి. ముందు సర్వే చేయించి హద్దురాళ్లు పాతించండి. వంద మొక్కలు వద్దు, పది చాలు. వేప, కానుగ, నేరేడు పెట్టండి. మూడు వేసవులు నీళ్లు పోసే మనిషి పేరు, కూలి డబ్బు వచ్చే దారి కాగితం మీద రాయండి. కర్మకాండకు అంత ఖర్చు పెట్టేవాళ్లం, పోయినవాళ్ల పేరున ఒక చెట్టుకు మూడేళ్ల నీళ్ల ఖర్చు ఇవ్వలేమా? చివరికి ఆ నీడ అందరికీ కావాల్సిందే.