లిలీ లేమాన్ స్వరసాధన

పాశ్చాత్య సంగీతమున స్త్రీకంఠములలో అత్యుచ్చస్థాయిని సంచరించు దానిని సొప్రానో యందురు. అట్టి కంఠము గల గాయనులు ఐరోపాలో ఎందరో పుట్టిరి. కరతాళధ్వనులతో తృప్తినొంది, యౌవనముతోపాటు గొంతును గోల్పోయి, విస్మృతులైన వారును పెక్కురు. పాడుచు, పాఠము చెప్పుచు, తన గొంతున నాదము పుట్టు విధమును కడవరకు శోధించిన వారిలో జర్మను గాయని లిలీ లేమాన్‌ను నేను మొదట స్మరింతును.

ఆమె 1848లో వూర్ట్స్‌బుర్గ్ నగరమున జన్మించెను. తల్లి ఒకప్పుడు రంగస్థలముపై రాణించిన గాయని. పిదప ప్రాగ్ నాటకశాలలో హార్ప్ వాద్యము వాయించి బిడ్డలను పెంచినది. ఆ తల్లియే గురువు. మన భాగవతుల యింట పుట్టిన బిడ్డకు దరువులు మాటలతోడనే పట్టువడునట్లు, లిలీకిని చెల్లెలు మారీకిని సంగీతము ఇంటిభాషయే యయ్యెను. 1865లో ప్రాగ్ నగరముననే మోజార్ట్ ‘మాయావేణువు’లో ఒక చిన్న పాత్రతో ఆమె రంగప్రవేశము చేసెను.

1876లో బైరాయిట్‌లో సంగీతకర్త వాగ్నర్ తన సంగీత చతుర్నాటకమును తొలిసారిగా సమగ్రముగా ప్రదర్శించినపుడు, అక్కచెల్లెండ్రిరువురును రైన్ నదీకన్యలైరి. నీట నీదుచున్నట్లు తోచుటకై గాయనులను ఎత్తయిన యంత్రములకు గట్టి, క్రిందనుండి మనుష్యులు వానిని త్రిప్పుచుండిరి. అంత యెత్తున ఊగుచు శ్రుతి తప్పక పాడుట యెంతటి పరీక్షయో పాడువారికే తెలియును. నాడు ఆమెది తేలికయైన, చురుకైన కంఠము. దానిని బలవంతపెట్టక, ఏండ్ల తరబడి ఓర్పుతో పెంచి, వాగ్నర్ నాయికల గురుభారమును మోయగలదానినిగా చేసికొనెను. 1886లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపెరాలో వాగ్నర్ ‘ట్రిస్టన్’ నాటకము అమెరికాలో మొట్టమొదట ప్రదర్శింపబడినపుడు నాయిక ఇసోల్డే ఆమెయే. ఒప్పుకొన్న గడువు మీరి అక్కడ నిలిచినందుకు జర్మను నాటకశాలల తలుపులు కొంతకాలము మూతపడినను, ఆమె సాధన కుంటువడలేదు.

బెల్లీని రచించిన ‘నార్మా’ను ఒక్కసారి పాడుటకంటె వాగ్నర్ వీరకన్య బ్రూన్‌హిల్డే పాత్రలు మూడింటిని పాడుట సుకరమని ఆమె యభిప్రాయము. ఘోషకు ఘోష చాలును. పారదర్శకమైన రాగరేఖయందు మాత్రము ఊపిరిలోని లోపము అణుమాత్రమైనను దాగదు. ఈ వివేకమే ఆమెను పరిశోధకురాలిని చేసినదని నా తలంపు.

1902లో వెలువడిన ‘నా గానకళ’ అను గ్రంథము ఆ శోధనకు ఫలము. నాలుక, అంగిలి, ఊపిరి పరస్పరము సర్దుకొను తీరును, ఒక్కొక్క స్వరము తలలో ఎచ్చట స్పందించినట్లు గాయకునకు తోచునో ఆ స్థానమును, ఆమె పటములపై రేఖలు గీసి చూపెను. ఆ రేఖలు శరీరశాస్త్రజ్ఞుని కొలతలు గావు, గాయని అనుభూతులు. వానిని వైద్యుని దృష్టితో దిద్దబూనుట న్యాయము కాదు. ఆ గ్రంథమున ‘మహాస్కేలు’ అనునది ఒక సాధన: ఒక్కొక్క స్వరమును మెల్లగా ఎత్తి, నింపి, మరల సన్నగించుచు మెట్లన్నియు ఎక్కి దిగుట. మన విద్వాంసుల అకారసాధన నెరిగినవారికి ఇది పరాయిదిగా తోపదు. తాను చేయనిదానిని శిష్యులకు ఆమె విధింపలేదు.

గాయని ఆలివ్ ఫ్రెమ్‌స్టాడ్ ఆమె శిష్యురాలు. జెరాల్డిన్ ఫరార్ బెర్లిన్‌లో అప్పటికే పేరు గడించియు ఆమె కడకు వచ్చి మరల పాఠములకు గూర్చుండెను. లేమాన్ సాల్జ్‌బుర్గ్‌లో మోజార్ట్ నాటకోత్సవములకు తన కాలమును ధనమును వెచ్చించి, 1906లో ‘డాన్ జువాన్’ను నడిపించి, తానే డోనా ఆనా పాత్ర ధరించెను.

ఆ సంవత్సరమును మరుసటి సంవత్సరమును, అరువది యేండ్లకు చేరువలో, బెర్లిన్‌లో ఓడియన్ గ్రామఫోను ఫలకములకు పాడెను. వానిలో నార్మా చంద్రునికి చేయు ప్రార్థన కలదు. గరగరల నడుమనుండి ఆ యూపిరి నిండుగా, తొట్రుపాటు లేక, నెమ్మదిగా సాగుచు వినవచ్చుచున్నది.