పగిలింది కాదు, పెరిగింది

మా అమ్మాయికి అయిదో నెల వెళ్లిపోతోంది. పాపతో సహా ఖమ్మంలో అత్తారింటికి పంపాలి. మా బావగారు హైదరాబాద్ నుంచి తన కారు తీసుకుని విజయవాడ వచ్చారు. "మనవరాలు మొదటిసారి అత్తారింటికి వెళ్తోంది, నా బండిలోనే దింపుతాను" అని ఆయన పంతం. అది జర్మన్ కారు. పెద్దది, నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. ముట్టుకోవాలంటేనే నాకు భయం.

తొమ్మిదిన్నరకు ముహూర్తం. అమ్మాయి పాపను ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. డిక్కీలో సారె సర్దుతున్నాం. అరిసెల డబ్బాలు, చలిమిడి, పసుపు కుంకుమ, చీరలు, అన్నిటికన్నా ఆఖర్న ఉయ్యాల స్టాండు. అది ఇనుపది. దాని కాలొకటి కాస్త బయటికి వచ్చింది. నేను చూశాను. పట్టేస్తుందిలే అనుకున్నాను. ఆ కారు డిక్కీ తలుపు చేత్తో వెయ్యక్కర్లేదు, మీట నొక్కితే అదే వచ్చి మూసుకుంటుంది. ఆ మీట నొక్కింది నేనే.

ఒక్క చప్పుడు. టపాకాయ పేలినట్టు. వెనక అద్దం మొత్తం ఒక్క క్షణం తెల్లగా మారి, జలజలా రాలిపోయింది. సగం డిక్కీలో, సగం సీటు మీద, మా అమ్మాయి జడలో, పాప కప్పుకున్న దుప్పటి మీద.

నా గుండె ఆగినంత పనైంది. తలుపు తీసేసరికి అమ్మాయి పాప మీదికి వంగి, చీర చెంగు మొహానికి కప్పి ఉంది. దుప్పటి మెల్లగా తీసి దులిపాం. ఒళ్లంతా వెతికాం. ఒక్క గీత లేదు. పాప చప్పుడుకి రెండు క్షణాలు ఏడ్చి మళ్లీ వేలు నోట్లో పెట్టుకుంది.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. "అద్దం పగిలింది. బయల్దేరేటప్పుడు అద్దం పగిలింది" అని మా అత్తయ్య అరుగు మీద కూలబడిపోయారు. ఎనభై రెండేళ్ల మనిషి. "ఇవాళ కదిలేది లేదు" అన్నారు. నేను ఏం మాట్లాడగలను? మీట నొక్కిన వేలు నాదే.

ప్రయాణం ఆగింది. కొత్త అద్దం విజయవాడలో దొరకలేదు, తెప్పించడానికి ఎనిమిది రోజులన్నారు. ఆ ఎనిమిది రోజులూ నాకు నిద్ర పట్టలేదు. ఏమై ఉండేదో అని ఒక భయం, ఖమ్మంలో వియ్యపురాలు ఏమనుకుంటుందో అని ఇంకొకటి. పొద్దున్నే వాకిట్లో కూర్చుని చేటలో ఆ గాజు ముక్కలు ఏరుతుంటే ఒక సంగతి తట్టింది. ఒక్కటీ కత్తిలా లేదు. అన్నీ పటికబెల్లం పలుకుల్లా చిన్నగా, మొద్దుగా ఉన్నాయి. మా వంటింట్లో గ్లాసు పగిలితే ముక్క అరచేతిలోకి దిగుతుంది కదా, మరి ఇంత పెద్ద అద్దం ఇలా ఎందుకు పగిలింది?

ఆ ప్రశ్నతో చదవడం మొదలుపెట్టాను. చదివింది మీకూ చెప్తాను, ఎందుకంటే మనమంతా పిల్లల్ని ఆ వెనక సీట్లోనే కూర్చోబెడతాం.

మొదట్లో కార్లకు అద్దాలే లేవు. దుమ్మూ గాలీ కళ్లల్లో పడకుండా కళ్లజోళ్లు పెట్టుకుని నడిపేవారు. తర్వాత ముందు ఒక గాజు పలక పెట్టారు. అది మన కిటికీకి ఉండే గాజులాంటిదే. గాలి ఆగింది గానీ, బండి దేనికైనా గుద్దుకుంటే ఆ గాజే కత్తులై మనుషుల మొహాలు కోసేది. ప్రమాదం కన్నా అద్దం వల్లే ఎక్కువ గాయపడిన వాళ్లున్నారు.

దీనికి ఒక దారి చూపింది కడగని సీసా! ఫ్రాన్స్‌లో ఎదువార్ బెనెడిక్టస్ అని ఒకాయన ఉండేవాడు. చిత్రకారుడు, రసాయన శాస్త్రం కూడా తెలిసినవాడు. 1903లో ఆయన ప్రయోగశాలలో అలమర మీంచి ఒక గాజు సీసా కింద పడింది. బీటలు వారింది గానీ ముక్కలు విడిపోలేదు. చూస్తే, అందులో ఎప్పుడో పోసిన సెల్యులోజ్ నైట్రేట్ ద్రవం ఎండిపోయి లోపలి గోడకు పల్చటి పొరలా పట్టుకుని ఉంది. ఆ పొరే ముక్కల్ని పట్టి ఉంచింది. తర్వాత కార్ల ప్రమాదాల్లో గాజు గుచ్చుకుని గాయపడిన వాళ్ల గురించి చదివినప్పుడు ఆ సీసా గుర్తొచ్చిందని చెప్తారు. రెండు గాజు పలకల మధ్య ఆ పొర పెట్టి 1909లో పేటెంట్ తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల విషవాయు మాస్కుల కళ్లకు ఈ గాజే వాడారు. 1927లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏ కారుకు ముందు అద్దంగా ఇదే పెట్టారు. ఇవాళ మన కార్ల ముందు అద్దాలన్నీ ఈ పొరల గాజే. రాయి తగిలితే సాలెగూడులా బీటలు వారుతుంది గానీ రాలదు. మన దేశంలో నిబంధనల ప్రకారం కూడా ముందు అద్దం ఇలాగే ఉండాలి.

మరి వెనక అద్దం? దాని కథ ఇంకా పాతది.

కరిగిన గాజును బొట్టుగా చన్నీళ్లలో జారవిడిస్తే తోక ఉన్న చుక్కలా గట్టిపడుతుంది. 1660లో ప్రిన్స్ రూపర్ట్ అనే ఆయన అలాంటి చుక్కల్ని ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కి వింత వస్తువుగా తెచ్చి ఇచ్చాడు. ఆ చుక్క తల మీద సుత్తితో కొట్టినా పగలదు. కానీ సన్నటి తోక కాస్త తుంచితే చాలు, మొత్తం ఒక్కసారిగా పొడైపోతుంది. రాజు వాటిని రాయల్ సొసైటీ పండితులకిచ్చి కారణం కనుక్కోమన్నాడు. అది పూర్తిగా తేలడానికి చాలా కాలం పట్టింది.

కారణం మన భాషలో చెప్తాను. నీళ్లలో పడగానే గాజు పైపొర ముందు గట్టిపడిపోతుంది. లోపలిది తర్వాత మెల్లగా చల్లారుతూ ముడుచుకోవాలని చూస్తుంది, పైపొరను లోపలికి గుంజుతుంది. పైపొర బిగుసుకుని నిలబడుతుంది. ఆ బిగువే దాని బలం. పైన ఎంత కొట్టినా ఓర్చుకుంటుంది. కానీ ఒక్కచోట ఆ పైపొర దాటి లోపలికి బీట వెళ్లిందా, అన్నాళ్లూ దాచుకున్న గుంజులాట అంతా ఒక్కసారి బయటపడుతుంది. ఇది చదివినప్పుడు నాకు చాలామంది ఇల్లాళ్లు గుర్తొచ్చారు, మీకూ వస్తారు.

1874లో రాయర్ దె లా బాస్తీ అనే ఫ్రెంచాయన వేడి వేడి గాజును కాగిన నూనె, కొవ్వులో ముంచి గట్టిపరిచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, మనం గారెలు వేసినట్టు! ఇప్పుడు నూనె లేదు. గాజును ఆరువందల డిగ్రీలకు పైగా కాచి, రెండు వైపుల నుంచీ చల్లగాలి కొడతారు. దాన్నే టెంపర్డ్ గ్లాసంటారు. మామూలు గాజు కన్నా కొన్ని రెట్లు బలం. అయినా పగలాల్సి వస్తే ముక్కచెక్కలుగా కాదు, పలుకులుగా పగులుతుంది. వెనక అద్దం ఎక్కువ కార్లకు ఇదే. అద్దం మధ్యలో గుద్దితే ఓర్చుకునేదేమో, మా ఉయ్యాల కాలు మొనలా సరిగ్గా అంచు దగ్గర తగిలింది. అంచే దానికి తోక.

అంటే ఆ రోజు ఆ అద్దం చెడిపోయి పగల్లేదు. ఎలా పగలాలని తయారు చేశారో అలాగే పగిలింది. వందేళ్ల క్రితం అద్దమైతే ఇవాళ నేను ఈ వ్యాసం రాస్తూ ఉండేదాన్ని కాదు.

ఎనిమిదో రోజున అద్దం వచ్చింది. బిగించే అబ్బాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముందు వెనక వైపర్ విప్పాడు. వైపర్ అంటే మేరీ ఆండర్సన్ గుర్తురావాలి. అమెరికాలోని అలబామా ఆవిడ. 1902-03 చలికాలంలో న్యూయార్క్‌లో ట్రామ్ ఎక్కితే, మంచు కురుస్తుంటే దారి కనబడక డ్రైవరు నానా అవస్థలు పడటం చూసింది. లోపల కూర్చునే పిడి తిప్పితే బయట రబ్బరు పట్టీ అద్దాన్ని తుడిచే ఏర్పాటు ఆలోచించి, 1903 నవంబరు 10న పేటెంట్ తీసుకుంది. ఒక కంపెనీకి అమ్మబోతే, దీనికి వ్యాపార విలువ లేదన్నారు. పేటెంట్ గడువు తీరాక ప్రపంచమంతా వాడుకుంది, ఆవిడకు చిల్లిగవ్వ రాలేదు. 2011లో, ఆవిడ పోయిన ఎన్నో ఏళ్లకు, అమెరికా ఆవిష్కర్తల గౌరవ జాబితాలో పేరు చేర్చారు. ఇంట్లో తుడిచే పనికి విలువ కట్టని లోకం, బయట మాత్రం కడుతుందా?

తర్వాత ఆ అబ్బాయి అంచుల్లో మిగిలిన గాజునీ పాత జిగురునీ కోసి తీశాడు. వ్యాక్యూమ్ క్లీనర్‌తో డిక్కీ సందులన్నీ గంటసేపు లాగాడు. తలుపు లోపల, సీటు బెల్టు సందుల్లో కూడా పలుకులు ఉన్నాయి. పిల్లలున్న ఇంట్లో ఈ పని దగ్గరుండి చేయించుకోండి. అప్పుడు ప్రైమర్ పూసి, నల్లటి జిగురు ఒకే ధారగా చుట్టూ పెట్టాడు, కోన్‌తో మెహెందీ పెట్టినట్టు. ఇద్దరు మనుషులు రబ్బరు పిడులతో అద్దాన్ని ఎత్తి కూర్చోబెట్టారు. టేపులు అంటించి, జిగురు ఆరేదాకా బండి కదపొద్దన్నారు.

"ఇంత ఖరీదేం బాబూ?" అని అడిగాను. ఆ బిల్లుతో మా ఇంటికి ఫ్రిజ్జూ టీవీ రెండూ వచ్చేవి. "ఒక్క అద్దం కాదమ్మా ఇది" అన్నాడు. అద్దం మీద సన్నగా కనిపించే గీతలు వెండి కలిపిన పూతట. కరెంటు పారితే వేడెక్కి, మీద పట్టిన ఆవిరినీ మంచునీ పోగొడతాయి. రేడియో యాంటెన్నా కూడా అందులోనే. టెంపర్ చేశాక గాజును కోయలేరు, చిల్లు పెట్టలేరు, కాబట్టి ఆ కారు వంపుకు సరిపడా ముందే తయారై రావాలి. ఆ గీతల్ని బ్లేడుతో గోకకూడదు, తుడిచేటప్పుడు అవి వెళ్లే దిక్కుగానే తుడవాలి. బొమ్మల స్టిక్కర్లు అక్కడ అంటించనివ్వకండి, పీకితే గీతలు తెగుతాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పూర్తి బీమా ఉంటే గాజుకు తరుగు కోత వెయ్యరు. కానీ క్లెయిమ్ చేస్తే మరుసటి ఏడాది రావాల్సిన నో క్లెయిమ్ రాయితీ పోవచ్చు, పాలసీ చూసుకోండి. ఫొటోలు తీసి, బీమా వాళ్లకు చెప్పాకే అద్దం మార్పించండి. మా బావగారు ఆ పనంతా చేశాక, మిగిలింది నేనిస్తానంటే, "ఏమ్మా, మనవరాలి ఖరీదా అది?" అన్నారు. ఆ మాటకు లోపలికి వెళ్లి కాసేపు ఏడ్చాను.

వియ్యపురాలికి నేనే ఫోన్ చేసి జరిగింది చెప్పాను, మీట నొక్కింది నేనేనని కూడా. ఆవిడ అటునుంచి, "పాపకు ఏం కాలేదు కదా వదినగారూ? ఇంకేం కావాలి" అంది. ఎనిమిది రోజుల బరువు దిగింది.

బయల్దేరే ముందు మా అత్తయ్య పక్కన కూర్చుని చేటలోని గాజు పలుకులు ఆవిడ అరచేతిలో పోశాను. నొక్కి చూడమన్నాను. సీసా కథ, గాజు చుక్క కథ చెప్పాను. అన్నీ విన్నారు. చాలాసేపు ఆ పలుకుల్ని వేళ్లతో కదుపుతూ ఉన్నారు. మనకు గాజు అంటే గాజే, చేతికి వేసుకునేదీ గాజే. చేతి గాజు విరిగితే పగిలిందని అనం కదా, పెరిగిందంటాం.

కారు గేటు దాటుతుంటే పక్కింటావిడ, "అద్దం పగిలిందటగా పిన్నిగారూ?" అని అడిగింది.

"పగల్లేదమ్మా" అన్నారు అత్తయ్య. "పెరిగింది."